విభవ సంవత్సరపు సూర్యగ్రహణము

బెజవాడనుండి బందరునకు పోవు బాటలో కంకిపాడును ఉయ్యూరును దాటిన పిమ్మట పామఱ్ఱు వచ్చును. గుడివాడకు దారి చీలునది అచ్చటనే. కూచిపూడి దగ్గఱలోనే యున్నది. ఇరువైపుల కాలువలు, వరిచేలు, గట్లమీద తాటిచెట్లు. డెల్టాలోని ఊళ్లన్నిటివంటిదే ఈ యూరును. ఈ యూరిమీదుగా 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయము నడచిపోయిన యొక నీడను గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఆ నీడ చంద్రునిది. ఆనాడు విభవ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారము. పోలాల అమావాస్య యని బిడ్డల మేలుగోరి మన స్త్రీలు పూజచేసికొను దినమది. సూర్యుడు సింహరాశియందు మఖానక్షత్రమున నుండెను. తొమ్మిదిగంటల ప్రాంతమున పట్టపగలే చీకటి క్రమ్మెను. ఐదు నిమిషములకు మించి సూర్యబింబము పూర్తిగా మఱుగుపడి యుండెను.

ఆ నీడ గుంటూరుమీదుగా వచ్చి, కృష్ణను దాటి, బందరుమీదుగా బంగాళాఖాతమున ప్రవేశించినది. పామఱ్ఱు ఆ రెండు పట్టణములకును నడుమ నున్నది గనుక సంపూర్ణగ్రహణము ఈ యూరికిని తప్పలేదు. ఇట్టి దీర్ఘమైన గ్రహణము మిగుల నరుదు. అందుచేత దూరదేశములనుండి జ్యోతిశ్శాస్త్రజ్ఞులు మన గడపకు వచ్చిరి. ఫ్రెంచి ప్రభుత్వము పంపగా జాన్సెను అను పండితుడు గుంటూరున విడిసెను. ఇంగ్లీషువారి పక్షమున మేజరు టెన్నెంటు ఆ యూరనే ఛాయాచిత్రములు తీయు సామగ్రితో దిగెను. మదరాసు నక్షత్రశాల అధిపతి పాగ్సను బందరులో మకాముచేసెను. ఆ బందరు నాలుగేండ్లకు ముందు, 1864 నవంబరు 1వ తేదీనాటి ఉప్పెనలో వేలకొలది జనమును పోగొట్టుకొని యింకను తేరుకొనుచున్న పట్టణము. సముద్రము చేసిన విధ్వంసమును కండ్లార చూచిన యాజనులు సూర్యుడు పగటివేళ మాయమగుటను చూచి యెంత కలవరపడియుందురో ఊహింపవచ్చును.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. మన పంచాంగకర్తలకు గ్రహణము వచ్చునని తెలియకపోలేదు. తిథియు ఘడియయు గణితముచేసి చెప్పగల సిద్ధాంతులు మనకు తరతరములుగా నుండిరి. ఎప్పుడు వచ్చునో గణించుటలో మనవారు తీసిపోలేదు. వచ్చినప్పుడు తలయెత్తి చూచుటయందే వెనుదీసిరి. గణితము తాటాకులోనే నిలిచెను. కన్ను తలుపుచాటుననే యుండెను. దీనికి మినహాయింపులు లేకపోలేదు. మదరాసు నక్షత్రశాలలో ఉద్యోగియైన చింతామణి రఘునాథాచారి ఆ గ్రహణమును నేడు తెలంగాణములో నున్న వనపర్తినుండి పరిశీలించెను. 1867లో ఆర్ రెటిక్యులై యను మార్పునక్షత్రమును కనుగొన్నవాడాయనయే. ఆకాశమును చూచి సరిదిద్దుకొనిన దృగ్గణిత పంచాంగము కావలెనని పట్టుబట్టి దానిని ప్రకటించినవాడును ఆయనయే. 1874నాటి శుక్రసంక్రమణమును గూర్చి దేశభాషలలో చిన్నపుస్తకమును వెలువరించి సామాన్యులకు బోధపఱుప జూచెను. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు తన సొంత సొమ్ముతో నక్షత్రశాలను నెలకొల్పగా, దానిని ఆయన అల్లుడు అంకితము వెంకట నరసింగరావు నడపెను. ఇట్టివారు పదిమంది యుండిన మన చరిత్ర వేఱుగా నుండియుండును.

గుంటూరులో ఆ ఉదయము ఆకసమున పలుచని మబ్బులు తేలుచుండెను. శ్రావణమాసము వానకాలము గనుక అంతమాత్రమైనను దొరకుట అదృష్టమే. చీకటి పడగానే నల్లని చంద్రబింబపు అంచున ఎఱ్ఱని జ్వాలలు కానవచ్చెను. అందొకటి మిక్కిలి పొడవైనది. కొమ్మువలె పైకి లేచినది. టెన్నెంటు తీసిన ఛాయాచిత్రములలో అది మెలిదిరిగిన త్రాడువలె చుట్టలు చుట్టుకొని యుండుట కానవచ్చెను గనుక దానికి మహాశృంగమని పేరుపెట్టిరి. దాని యెత్తు లక్ష కిలోమీటర్లకు మించినది. అనగా మన భూమివంటి గోళములను ఒకదానిపై నొకటి ఎనిమిది నిలువబెట్టినను దాని కొనకు చేరవన్నమాట. ఆ మెలికను చదువరులు జ్ఞాపకముంచుకొన వేడుచున్నాము. ముందు దానితో పనియున్నది.

ఆ జ్వాలలు ఏ పదార్థముతో చేయబడినవో అంతకుముందెవ్వరికిని తెలియదు. చంద్రునిమీది కొండలనువారుండిరి, ఆకాశములోని భ్రమయనువారుండిరి. వెలుతురును విడదీసి రంగుల పట్టీగా చూపు వర్ణపటదర్శినిని జాన్సెను ఆ జ్వాలవైపు త్రిప్పగా ప్రకాశమానమైన గీతలు కొన్ని మాత్రము కనబడెను. ఘనపదార్థము వెలిగినచో రంగులన్నియు విడువకుండ వచ్చును. వాయువు వెలిగినచో విడివిడి గీతలు వచ్చును. కాబట్టి ఆ జ్వాలలు వాయువులే. అందును ప్రధానముగా జలజనకమే. ఆ గీతలెంత ప్రకాశవంతములుగా నుండెననగా, గ్రహణము లేనప్పుడుకూడ వీనిని చూడగలమని జాన్సెను ఆ చీకటిలోనే నిశ్చయించుకొనెను. మబ్బు లడ్డుపడుటచేత ఆ దినము సాగలేదు. మఱునాడు, ఆగస్టు 19న, గుంటూరు ఎండలో, గ్రహణము లేకయే ఆయన సూర్యజ్వాలలను చూచెను. తరువాత పదునేడు దినములు విడువక చూచెను. గ్రహణమునకై యెదురుచూచు పని ఆనాటితో తీఱిపోయినది. ఖగోళశాస్త్ర చరిత్రలో ఈ మలుపు జరిగినది పారిసులో గాదు, లండనులో గాదు, మన గుంటూరులో.

ఇంగ్లాండులో లాకియరు ఆ ఉపాయమునే స్వతంత్రముగా కనిపెట్టి అక్టోబరు 20న జ్వాలలను చూచెను. ఇరువురి లేఖలును పారిసు విద్వత్పరిషత్తునకు ఒకేదినమున, అక్టోబరు 26న, చేరెను.  ఎవరు ముందన్న తగవు పెరుగకుండ ఫ్రెంచి ప్రభుత్వము 1872లో ఇద్దరి ముఖములును చెక్కించి ఒక పతకమును పోయించెను. ఆ వర్ణపటములలోని పసుపుపచ్చని గీతను తొలుత అందఱు ఉప్పులో నుండు సోడియముదని భ్రమించిరి. అది సోడియపు గీత చోటున సరిగా పడదని లాకియరు గమనించి, భూమిమీద నెఱుగని మూలద్రవ్యమొకటి సూర్యునియందున్నదని హీలియమని పేరుపెట్టెను. ఇరువదియేడేండ్ల పిమ్మట, 1895లో, రామ్సే ఒక ఖనిజమునుండి దానిని వెలికిదీసెను. ఈ కథ మన పాఠ్యపుస్తకములలో నిప్పుడున్నది గనుక విస్తరింపము.

మాకు ఎక్కువ ముఖ్యముగా తోచునది మఱియొకటి. ఆ పదునేడు దినములలోను జాన్సెను ఆ జ్వాలలు నిలుకడగా నుండవని చూచెను. కొండంత శిఖ కొన్ని నిమిషములలో రూపుమాఱును. నిన్నటిది నేడు గానరాదు. తరువాత ఇటలీలో సెక్కీ అను మతాచార్యుడు వీనిని రెండు తెగలుగా విభజించెను: దినములు వారములు నెమ్మదిగా నిలుచునవి, ఉన్నట్టుండి యెగసిపోవునవి. విచిత్రమేమనగా నెమ్మదిగా నిలిచినవే యొకనాడు అకస్మాత్తుగా మాయమగును. అప్పుడు పండితులకు ప్రశ్న మాఱెను. ఇది యేమిటి యన్న ప్రశ్నకు గుంటూరులో జవాబు దొరికినది. ఇది యెట్లు నిలుచుచున్నది, ఎందుకు కూలుచున్నది యన్న ప్రశ్నకు జవాబు చెప్పుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

నిలుచుటయే ఆశ్చర్యకరము. ఆ శిఖలోని వాయువు చుట్టునున్న కాంతికిరీటముకంటె నూఱురెట్లు సాంద్రమైనది. అది పదివేల డిగ్రీల లోపలి వేడిమి గలది కాగా, చుట్టునున్నది పదిలక్షల డిగ్రీలకు పైబడిన వేడిమి గలది. బరువైనది తేలికదానిపై కూర్చున్నదన్నమాట. వంటయింటిలో ఈ సంగతిని చూడవచ్చును. గిన్నెలో నూనెపోసి దానిపై ఎంత మెల్లగా నీళ్లు వంచినను ఆ నీరు పైన నిలువదు. నీరును నూనెయు కలియుచోట మొదట కంటికానని చిన్న అల యొకటి పుట్టును. ఆ అలలో క్రిందికి వంగినచోట బరువు హెచ్చి మఱింత వంగును, పైకి లేచినచోట తేలికయై మఱింత లేచును. క్షణములో నీరు వ్రేళ్లవలె దిగజాఱును, నూనె బుడగలై పైకిలేచును. ఇట్లు తన దోషమును తానే పెంచుకొను స్థితికి శాస్త్రజ్ఞులు అస్థిరత యని పేరుపెట్టిరి. రేలే దీనిని 1883లోను, టేలరు 1950లోను గణితముచే నిరూపించిరి గనుక వారిపేరనే వాడుకకు వచ్చినది. మఱి సూర్యునిమీద ఈ నీరు నూనెమీద వారములకొలది యెట్లు నిలిచియున్నది?

జవాబునకు మొదటి మెట్టు 1908లో దొరకినది. అమెరికాలో హేలు అను పండితుడు సూర్యునిమీది మచ్చలలో బలమైన అయస్కాంతక్షేత్రము గలదని వాని వర్ణపటమునుబట్టి చూపెను. మఱుసటియేడు మన కొడైకెనాలు నక్షత్రశాలలో ఎవర్షెడ్డు మచ్చలనుండి వాయువు వెలుపలికి ప్రవహించుటను కనుగొనెను. ఆయన భార్య మేరీ యాక్వర్తు ఎవర్షెడ్డు సూర్యశిఖలనే తన విషయముగా తీసికొని యేండ్లతరబడి వానిని పరిశీలించి, 1917లో భర్తతో కలిసి ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. స్త్రీలు గ్రహణము చూడరాదని మన యిండ్లలో తలుపులు బిగించుచున్న కాలముననే, మన దక్షిణదేశపు కొండపైననే, ఒక స్త్రీ ప్రతిదినము సూర్యుని జ్వాలలను లెక్కపెట్టుచుండెను. ఆ నక్షత్రశాలకు తొలి భారతీయాధిపతియైన ఎ. ఎల్. నారాయణ్ మన తెలుగువాడు, విజయనగరము కళాశాలలో భౌతికశాస్త్రము బోధించినవాడు.

రెండవ మెట్టు పదార్థముయొక్క స్వభావము. 1920లో మేఘనాథ సాహా అధికమైన వేడిమిలో పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను విడుచునని, ఎంతవేడికి ఎన్ని విడుచునని సూత్రము వ్రాసెను. విద్యుదావేశము గలిగిన ఇట్టి వాయువునకు 1928లో లాంగ్‌మ్యూరు ప్లాస్మా యని పేరుపెట్టెను. 1942లో స్వీడనుదేశీయుడైన ఆల్వెను దీనికిని అయస్కాంతక్షేత్రమునకును గల పొందును తేటపఱచెను. ఆవేశము గల కణము అయస్కాంతరేఖవెంబడి స్వేచ్ఛగా పోగలదు. దాని కడ్డముగా పోలేదు, రేఖచుట్టు గిరగిర తిరుగును. కాబట్టి ప్లాస్మాయు రేఖలును ఒకదానినొకటి పట్టుకొనియుండును. ఒకటి కదలిన రెండవది కదలును.

మన పల్లెలోని నులకమంచమును తలచుకొందము. నులకపేటలు అయస్కాంతరేఖలు. దానిపై ధాన్యపుబస్తా పెట్టిన నులక క్రుంగును గాని బిగువుచేత బస్తాను మోయును. సూర్యశిఖయు ఇట్లే క్రుంగిన రేఖల యూయెలలో పరుండి యున్నదని 1957లో కిప్పెన్‌హానును ష్లూటరును చూపిరి. ఐతే నులకమంచమున కొక లోపమున్నది. బస్తా విప్పి ధాన్యమును దానిపై పోసినచో పేటలను వంచవలసిన పనిలేదు. వానిని ప్రక్కకొత్తి సందులలోనుండి జాఱిపడును. ప్లాస్మాయు ఇట్లే చేయగలదని క్రుస్కలు, ష్వార్జ్‌షీల్డు అనువారు 1954లోనే గణితముచే తెలిపియుండిరి. రేఖలను వంచవలసివచ్చు అలలను వాని బిగువు అణచివేయును. రేఖలను వంచక వాని నడుమనుండి దూఱు అలలను అణచువారు లేరు. గిన్నెలోని నీటికి పట్టిన గతియే అప్పుడు శిఖకును పట్టును. మన చంద్రశేఖరుడు 1961లో ప్రకటించిన ద్రవస్థిరతాగ్రంథములో ఇట్టి అస్థిరతల నన్నిటిని ఒకచోట కూర్చి, ఏది యెప్పుడు పెరుగును, ఏది యెప్పుడణగునని లెక్కలతో నిర్ణయించెను.

ఇదంతయు కాగితముమీది మాట యని సందేహించువారుండిరి. 2006లో జపానుదేశీయులు హినోదే యను దూరదర్శినిని ఆకాశమునకు పంపిరి. వాతావరణపు మసక లేకుండ అది తీసిన చిత్రములలో, నెమ్మదిగా నిలిచిన శిఖల అడుగునుండి నల్లని బుడగలు లేచి, సెకనుకు ఇంచుమించు 20 కిలోమీటర్ల వేగముతో పైకి పోవుటయు, వాని ప్రక్కలనుండి ప్రకాశమైన పదార్థము ధారలుగా దిగజాఱుటయు స్పష్టముగా కనబడెను. నెమ్మదిగల శిఖ యని సెక్కీ పేరుపెట్టినది లోపల ఉడుకుచున్న కుండ! బుడగలు లేచుచు, ఆ బుడగల అంచులు సుడులుగా చుట్టుకొనుచు, ఆ సుడులు చిన్న సుడులుగా చీలుచు పోవును. ఊదువత్తి పొగ జానెడెత్తు తిన్నగా లేచి ఆపై చెదరిపోవుట ప్రతియింట చూచుచున్నదే. ఇట్లు క్రమము చెడి పెద్దసుడినుండి చిన్నసుడికి శక్తి దిగజాఱుటకే సంక్షోభమని పేరు. ప్లాస్మాలోని సంక్షోభము మఱియు చిక్కైనది. సుడితోబాటు అయస్కాంతరేఖలుకూడ చిక్కుపడును.

ఇప్పుడు మహాశృంగపు మెలికను తలచుకొనవలెను. త్రాడు పేనువారికి తెలిసిన సంగతి యొకటున్నది. పురి తగినంత యున్న త్రాడు గట్టిపడును. పురి మితిమీఱెనా, త్రాడు తానే వంగి మధ్యలో ఉచ్చుపడును. అయస్కాంతరేఖల కట్టయు అంతే. మెలిక కొంతవఱకు బలము. ఒక చుట్టు దాటి మఱికొంత యెక్కినచో కట్టయంతయు ప్రక్కకు వంగి ఉచ్చుపడి పైకెగయును. దానిలోని ప్లాస్మా కోట్లకొలది టన్నులు అంతరిక్షములోనికి విసరివేయబడును. వారములు నిలిచిన శిఖలు హఠాత్తుగా మాయమగుటకు గల కారణములలో ఇది యొకటి. టెన్నెంటు గుంటూరులో పట్టిన చిత్రములోని మెలికకు అర్థము చెప్పుటకు ఆనాడు ఎవరికిని మాటలే లేవు. ఆ బొమ్మ ముందుపుట్టినది. దానిని చదువు శాస్త్రము వెనుక పుట్టినది.

ఈ గందరగోళమంతయు పదునైదుకోట్ల కిలోమీటర్ల దూరమున నున్నది గదా, మనకేల యనువారుందురు. పామఱ్ఱు మీది ఆకాశముననే ఇది జరుగుచున్నదని వారికి మనవి. భూమికి కొన్నివందల కిలోమీటర్ల యెత్తున గాలి సూర్యుని యెండచేత ప్లాస్మాయైయున్నది. భూమియొక్క అయస్కాంతరేఖలు దానిని పట్టియుంచును. సూర్యుడస్తమించగానే క్రిందిపొర త్వరగా క్షీణించును, పైపొర సాంద్రముగా మిగులును. మరల బరువైనది తేలికదానిపై. విషువత్కాలపు రాత్రులలో, సూర్యుడు ఉద్ధతుడైన సంవత్సరములలో ముఖ్యముగా, ఆ పొరలో అడుగునుండి బుడగలు లేచి చెట్టువలె శాఖలై వ్యాపించును. ఈ కలతను మొట్టమొదట 1938లో బుకరును వెల్సును పెరూదేశములోని హువాన్‌కాయోలో రేడియో ప్రతిధ్వనుల చెదరుటవలన గుర్తించిరి. దీనికి కారణము నీరు-నూనెల అస్థిరతయే యని 1956లో డంజీ సూచించెను. మన తిరుపతి దగ్గఱ గాదంకి గ్రామములో 1990వ దశకారంభమున నెలకొల్పిన మహారాడారు, వెయ్యికి పైగా ఏరియళ్లతో ఆకాశమునకు గుఱిపెట్టి, ఈ బుడగలను రాత్రులెల్ల చిత్రించినది. ఆ బుడగలగుండా వచ్చు ఉపగ్రహసంకేతము ఎండమావిలోని బొమ్మవలె మినుకుమినుకుమనును. విమానమునకు దారిచూపు యంత్రము తడబడును, మన చేతిలోని ఫోను చూపు చోటు సైతము అప్పుడప్పుడు తప్పును.

సూర్యునిలో వెలుగుపుట్టించు కేంద్రకసంయోగమును భూమిమీద సాధింపవలెనని అయస్కాంతపు గాజువంటి పాత్రలలో ప్లాస్మాను బంధించువారికి గూడ ఈ అస్థిరతయే ప్రబలశత్రువు. గుజరాతులోని గాంధీనగరమువద్ద 1989నుండి ఆదిత్య యను అట్టి యంత్రమున్నది. కణములు ఢీకొనుటవలన పోవలసిన వేడిమికంటె సంక్షోభమువలన పోవునది యెన్నోరెట్లు. 1982లో జర్మనీలో వాగ్నరు అంచున సంక్షోభము తనంత తానే అణగు స్థితిని కనుగొనిన పిమ్మటగాని ఆ విద్యకు ఆశ చిగుర్పలేదు. ఇది మన ప్రకృతవిషయమునకు కొంత దూరము.

1980 ఫిబ్రవరి 16న మరల తెలుగునేలపై సంపూర్ణగ్రహణము పట్టినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపూరు నక్షత్రశాలకు దేశదేశముల పండితులు వచ్చి యంత్రములు నిలిపిరి. ఆ మధ్యాహ్నము హైదరాబాదు వీథులు నిర్మానుష్యములై యుండెను. 1868కిని 1980కిని నడుమ నూటపండ్రెండేండ్లు గడచెను. విశ్వవిద్యాలయములు వచ్చెను, స్వరాజ్యము వచ్చెను. తలుపులు మాత్రము తెఱువలేదు.

2019 డిసెంబరు 26నాటి పాక్షికగ్రహణము మేము పామఱ్ఱులో బంధువుల యింట చూచితిమి. చూచితిమనుటకంటె మేమొక్కరమే పెరటిలో నల్లటి అద్దములతో నిలిచితిమనుట నిజము. నీళ్లబిందెపై దర్భ, ఊరగాయ జాడీపై దర్భ. ఆ యింటి చిన్నకోడలు ఆఱునెలల గర్భిణి. ఎనిమిది మొదలు పదునొకండు దాటువఱకు ఆమెను తలుపులు బిగించిన గదిలో వెల్లకిల పరుండబెట్టిరి. కదలరాదు, గోరు గిల్లరాదు, మంచినీరు త్రాగరాదు. బిడ్డకు గ్రహణపుమొఱ్ఱి వచ్చునట. ఆ పెదవి గర్భమున ఏడెనిమిది వారములకే అతుకుకొనునని, అది కూడకపోవుటకు వంశగుణమును, ఆహారములో ఫోలిక్ ఆమ్లపు కొఱతయు, పొగయు మొదలైనవి కారణములుగాని సూర్యునిపై పడిన నీడ కాదని మేము చెప్పితిమి. పెద్దమ్మగారు శాంతముగా విని, “మీరు చెప్పినది నిజమే కావచ్చును నాయనా, కాని రేపేదైన నైతే ఆ పిల్లను ఊరంతయు దెప్పును గదా” అనిరి. మేము దానికి బదులు చెప్పలేకపోతిమి. ఆ యింటిలో తలుపు మూయించినది రాహువు కాదు, ఊరినోరు. ఆ మాటలో ఉన్న భయము అసత్యము కాదు గనుకనే అది తొలగుట కష్టము.

న్యాయముకొఱకు ఒకటి ఒప్పుకొనవలెను. పాక్షికగ్రహణమును వట్టికండ్లతో చూచుట నిజముగా ప్రమాదము. కంటిలోపలి పొర కాలిపోవును, నొప్పియైన తెలియదు. పెద్దలు చూడవద్దన్నమాటలో అంతమట్టుకు సత్యమున్నది. కాని ఆ సత్యమునకు ఉపాయము నల్లటద్దము, లేదా అట్టముక్కకు సూదిబెజ్జముచేసి నేలపై బింబమును పడవేయుట. గర్భిణికి దప్పిక పెట్టుట కాదు. గ్రహణవేళ దేవాలయములు పెక్కు మూయుచుండగా శ్రీకాళహస్తిలో తెఱిచియుంచి పూజలు సేయుచున్నారు. అచ్చటి భక్తులకేమియు కీడు కలుగలేదు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య ఎల్-1 అను ఉపగ్రహము బయలుదేఱి, 2024 జనవరి 6న భూమికి పదునైదులక్షల కిలోమీటర్ల దూరమున తన నెలవు చేరినది. అందొక దూరదర్శినిలో చంద్రునికి బదులు ఒక చిన్నబిళ్ల సూర్యబింబమును కప్పుచుండును. జాన్సెను గుంటూరులో పదునేడు దినములు చేసిన పనిని అది అక్కడ ఏకధాటిగా చేయుచు, శిఖలు నిలుచుటను కూలుటను గమనించుచున్నది. గుంటూరికిని శ్రీహరికోటకును నడుమ దూరము మున్నూఱు కిలోమీటర్లు దాటదు.

ఆ చిన్నకోడలికి 2020 మార్చిలో ఆడపిల్ల పుట్టినది. పెదవి చక్కగనే యున్నది. గదిలో పరుండబెట్టినందువలననే యని పెద్దమ్మగారి నమ్మకము. 2031 మే 21న దక్షిణదేశమున వలయగ్రహణము పట్టనున్నది. పామఱ్ఱులో మధ్యాహ్నవేళ పాక్షికముగా కనబడును. ఆ పిల్లకు అప్పటికి పదునొకండేండ్లు నిండియుండును. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు సూర్యునిలో త్రాడు మెలిదిరుగునని చెప్పగా, “ఎవరు పేనుదురు?” అని యడిగినది. నల్లటద్దముల జోడొకటి ఆమె పుస్తకాల పెట్టెలో వేసివచ్చితిమి. తల్లి చూచి యేమియు అనలేదు.